కేథడ్రల్ కుర్చీ

మొన్న డిసెంబర్‌లో మా గూడెంలో గుడి కమిటీ మీటింగు పెట్టింది. మాది రేకుల గుడి. వాన పడితే ఆడవాళ్లు కూర్చునే వైపు చాపలు తడుస్తాయి. రేకులు తీసేసి స్లాబు పోద్దామని అందరికీ ఉంది, దాంట్లో గొడవ లేదు. కానీ కమిటీ పెద్దమనిషి లేచి, "ఉత్త స్లాబు ఎందుకు? మెదక్‌ల ఉన్నట్టు గోపురం లేపుదాం. యాభై అడుగులు. పైన లైట్ల సిలువ. గేటుకాడ నల్లరాయి మీద బంగారు అక్షరాలతోటి కేథడ్రల్ అని చెక్కిద్దాం" అన్నాడు. ఇంటికి పదివేలు చందా. పదివేలంటే మా గూడెం ఆడమనిషి నెల రోజులు ఎండలో మిర్చి ఏరిన కూలి.

కుర్రోళ్లు చప్పట్లు కొట్టారు. నాకు పెద్దమ్మ వరసయ్యే ముసలామె చెయ్యెత్తి అడిగింది: "కేతడ్రాలంటే ఏంది కొడుకా?"

"పెద్ద గుడి అమ్మా."

"పెద్దదంటే ఎంత పెద్దది? యాభై అడుగులు లేస్తేనే అయితదా? నలభై అయిదు కాడ పైసలు ఒడిస్తే కాదా?"

అందరూ నవ్వారు గానీ జవాబు ఎవరి దగ్గరా లేదు. పెద్దమనిషి కాసేపు ఆలోచించి ఇంకో మాట అన్నాడు. "మన అయ్యగారు పోయినేటి సంది పోస్టర్ల మీద బిషప్ అని ఏయించుకుంటున్నరు గద. బిషప్ ఉన్నంక కేథడ్రల్ ఉండొద్దా?" అయ్యగారు అక్కడే కూర్చుని ఉన్నాడు. ఏమీ అనలేదు.

పెద్దమ్మకు ఆ రోజు నేను సరిగా చెప్పలేకపోయాను. తర్వాత కొంత చదివాను, కొంత తెలిసినవాళ్లను అడిగాను. విచిత్రమేమిటంటే పెద్దమనిషి మొదట చెప్పింది పూర్తిగా తప్పు. రెండోసారి చెప్పింది తెలియకుండానే సగం ఒప్పు. ఆ మిగతా సగంలోనే మన బతుకు ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

కేథడ్రల్ అంటే ఎత్తు కాదు, వైశాల్యం కాదు, రంగుల అద్దాలు కాదు. గ్రీకు భాషలో 'కథెడ్రా' అంటే కూర్చునే పీట, కుర్చీ. బిషప్ కుర్చీ ఏ గుడిలో ఉంటుందో ఆ గుడి కేథడ్రల్. ఇంతే సంగతి. ఒక బిషప్ కింద వందల గుళ్లుంటాయి. ఆ గుళ్లన్నీ కలిపిన మేరను సి.ఎస్.ఐ. వాళ్లు అధ్యక్ష ఖండం అంటారు, కేథలిక్కులు మేత్రాసనం అంటారు. ఆ రెండో మాట చూడండి. మేత్రాణి ఆసనం. ఇంగ్లీషువాడు గ్రీకులో దాచిపెట్టిన కుర్చీ మన తెలుగు మాటలో బయటికే కనిపిస్తోంది. వందల గుళ్లకు ఒకే కుర్చీ కాబట్టి, అది ఉన్న గుడి మిగతావాటికి తల్లి గుడి. కొత్త బిషప్‌ను కూర్చోబెట్టేది అక్కడే. ఫాదర్లకు, పాస్టర్లకు అభిషేకాలు మామూలుగా జరిగేదీ అక్కడే. కేథలిక్కుల్లో అయితే ఈస్టర్ ముందు వారంలో బిషప్ తైలాలు ఆశీర్వదించేది కూడా అక్కడే. ఆ తైలమే ఊరూరి గుడికీ వెళ్తుంది. బాప్తిస్మమప్పుడు మన పిల్లలకు రాసేది అదే.

మరి కుర్చీ ఎందుకంత గొప్పదయింది? పాతకాలంలో చదువు చెప్పేవాడు కూర్చుని చెప్పేవాడు, వినేవాళ్లు నిలబడేవాళ్లు. యేసు కూడా నజరేతులో గ్రంథం నిలబడి చదివి, చుట్టి ఇచ్చేసి, కూర్చున్నాకే మాట్లాడాడని లూకా రాశాడు. తీర్పు చెప్పేవాడూ కూర్చునే చెప్పేవాడు. కాబట్టి కుర్చీ అంటే చదువు, తీర్పు, రెండూ. మనం యూనివర్సిటీల్లో అంబేద్కర్ పీఠం అంటున్నామే, అది కూడా ఈ లెక్కలోదే.

సైజుకూ దీనికీ సంబంధం లేదనడానికి రోము నగరమే సాక్ష్యం. ప్రపంచమంతా టీవీలో చూసే సెయింట్ పీటర్స్ గుడి కేథడ్రల్ కాదు. పోప్ రోముకు బిషప్. ఆయన బిషప్ కుర్చీ ఉన్నది ఊళ్లో ఇంకో చోట, సెయింట్ జాన్ లాటరన్ గుడిలో. తమాషా ఏమిటంటే సెయింట్ పీటర్స్‌లో కూడా ఒక కుర్చీ ఉంది. 9వ శతాబ్దంలో ఒక రాజు పోప్‌కు కానుకిచ్చిన కర్రకుర్చీ అది. దాని చుట్టూ 17వ శతాబ్దంలో పెద్ద కంచు సింహాసనం పోతపోశారు. పేతురు పీఠానికి ఫిబ్రవరి 22న పండగ కూడా చేస్తారు. కుర్చీకి పండగ! అయినా ఆ గుడి కేథడ్రల్ కాలేదు. చూపించే కుర్చీ వేరు, కూర్చునే కుర్చీ వేరు.

జర్మనీలో ఉల్మ్ అనే ఊరి గుడి శిఖరం 530 అడుగులు. వందేళ్లకు పైగా ప్రపంచంలో అంత ఎత్తు గుడి లేదు. ఆ గుడి ఎన్నడూ కేథడ్రల్ కాదు. 2025లో బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియా దాన్ని దాటింది. అదీ కేథడ్రల్ కాదు, ఆ ఊరి కేథడ్రల్ ఇంకోటి. అంతదూరం ఎందుకు, సికింద్రాబాదు సెయింట్ మేరీస్‌ను 2008లో పోప్ బసిలికా చేశాడు. బసిలికా అంటే గౌరవం, బిరుదు. హైదరాబాదు ఆర్చిబిషప్ కుర్చీ మాత్రం గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్స్‌లో ఉంది.

బోర్డు పెట్టుకుంటే అయిపోతుందా అంటే, అమెరికాలో ఒకాయన అదీ చేశాడు. కాలిఫోర్నియాలో టీవీ ప్రసంగీకుడు రాబర్ట్ షుల్లర్ 1980లో అద్దాలతో బ్రహ్మాండమైన గుడి కట్టి క్రిస్టల్ కేథడ్రల్ అని పేరు పెట్టాడు. అందులో బిషప్ లేడు, కుర్చీ లేదు. 2010లో ఆ సంస్థ దివాలా తీసింది. ఆ ప్రాంతం కేథలిక్ మేత్రాసనం ఆ భవనాన్ని కొనుక్కుని, మార్పులు చేసి, కుర్చీ వేసి, 2019లో ప్రతిష్ఠ చేసింది. పేరులో మాత్రమే కేథడ్రల్‌గా ఉన్నది, అప్పులపాలై చేతులు మారాక గాని నిజంగా కేథడ్రల్ కాలేదు. మా కమిటీ పెద్దమనిషికి ఈ కథ చెబితే, "అయితే మనకు కూడా ఎవరన్న కొంటరేమో" అన్నాడు. ఏం చెప్పాలి!

ఇప్పుడు మెదక్‌కు వద్దాం. మా గూడెం కుర్రోళ్లు ప్రతి క్రిస్మస్‌కూ ఆటో కట్టుకుని వెళ్లేది అక్కడికే. వెస్లియన్ మెథడిస్టు మిషన్ దొర చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన గుడి. 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. కరువు రోజుల్లో కూలీనాలీ జనానికి పని పెట్టి, కడుపుకింత పెట్టి కట్టించిన గుడి. ఆ మిషన్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరిబయట ఉన్నవాళ్ల చేతులు రాళ్లు మోశాయి, సున్నం కలిపాయి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 2024లో నూరేళ్ల పండగ చేశారు.

కానీ 1924లో అది కేథడ్రల్ కాదు. ఇది మనోళ్లలో చాలామందికి తెలియదు. వెస్లియన్ మెథడిస్టులకు బిషప్‌లు లేరు. మిషన్ జిల్లాకు పెద్దగా ఉన్నాయనను ఛైర్మన్ అనేవాళ్లు, పోస్నెట్ కూడా అలా ఛైర్మనే. పేరులో కుర్చీ ఉంది, గుడిలో లేదు. ఇరవై మూడేళ్లు అది ఉత్త గుడి, ఎంత పెద్దదైనా సరే. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయ్యారు. అప్పుడు మెదక్‌కు ఒక అధ్యక్ష ఖండం, ఒక బిషప్ వచ్చారు. మొదటి బిషప్ ఫ్రాంక్ విటేకర్, ఇంగ్లీషాయన. ఆ రోజుకు హైదరాబాద్ రాజ్యం ఇంకా నిజాం చేతిలోనే ఉంది. గోపురం మీద ఒక్క రాయి పెరగలేదు, ఒక్క కిటికీ మారలేదు. కుర్చీ వచ్చింది, గుడి కేథడ్రల్ అయింది.

దోర్నకల్ కథ దీనికి తిరగలి. అక్కడ కుర్చీ ముందు వచ్చింది, భవనం ఎప్పుడో వచ్చింది. వేదనాయగం శామ్యూల్ అజరయ్యను 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్ కేథడ్రల్‌లో బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. తిరునల్వేలి దగ్గర పల్లెటూరు మనిషి, నాడార్ కులం. నాడార్లు దళితులు కాదు. కానీ తాటిచెట్టు ఎక్కి కల్లు గీసినందుకు, ఆడవాళ్లు పైట వేసుకున్నందుకు అగ్రకులాల చేతుల్లో దెబ్బలు తిన్న జాతి. అలాంటి ఇంటి నుంచి వచ్చినాయన నిజాం రాజ్యంలో ఒక రైలు జంక్షన్ ఊళ్లో బిషప్ అయి కూర్చున్నాడు. తెల్లదొరల్లో చాలామందికి ఆ అభిషేకం మింగుడు పడలేదు. నల్లవాడి కింద తెల్లవాడు పనిచేయాలా అన్నది వాళ్ల బాధ.

దోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న. అంటే బిషప్ వచ్చిన ఇరవై ఆరేళ్లకు. ఆ గుడిని చూసినవాళ్లకు తెలుసు, దానికి మసీదు గుమ్మటాలున్నాయి, గుడి మండపం స్తంభాలున్నాయి. లండన్‌ను తెచ్చి దించలేదు. ఇరవై ఆరేళ్లు ఆ మనిషి ఏం చేశాడు? ఎడ్లబండి మీద పల్లెలు తిరిగాడు. మాలపల్లెల్లో, మాదిగ గూడేల్లో చదువు చెప్పే పంతుళ్లను తయారుచేశాడు. మన ఇళ్లల్లో వండే ముందు పిడికెడు బియ్యం తీసి గుడికి వేరే కుండలో పోసే అలవాటు ఉంది చూశారూ, అట్లాంటి బియ్యంతో నడిచిన గుళ్లవి. ఆయన 1945 జనవరి 1న చనిపోయాడు. పెద్ద గుడిలో ఆయన కూర్చున్నది నిండా ఆరేళ్లు లేదు. కానీ దోర్నకల్ బిషప్ అంటే ఈనాటికీ మా తాతల తరం అజరయ్యగారనే అంటుంది.

అసలు కేథడ్రలే లేకుండా వెలిగిన జాగా ఒంగోలు. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టాడు. కరువు పని నడిచినన్నాళ్లూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం చేరారనే మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఉప్పెనకు దారి వేసింది దొర ఒక్కడే కాదు, తాళ్లకొండపాడు మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ మన మనుషుల్లో ముందు మాట నాటింది ఆయనే. బాప్టిస్టులకు బిషప్ లేడు. సంఘమే పాస్టర్ను పిలుచుకుంటుంది, వద్దంటే పంపిస్తుంది. అందుకని అన్ని లక్షలమంది ఉన్నా ఒంగోలుకు కేథడ్రల్ లేదు. ఎవరికీ లోటు అనిపించలేదు కూడా.

కారంచేడులో 1985 జూలై 17న మనవాళ్లను నరికినప్పుడు ప్రాణాలు దక్కినవాళ్లు పరుగెత్తి వచ్చి తలదాచుకున్నది చీరాలలో చర్చి ఆవరణలో. ఆ రాత్రి ఆ గుడికి గోపురం ఎన్ని అడుగులు అని ఎవరు చూశారు?

ఇక మన ఊళ్లల్లో కుర్చీ సంగతి. ఇంగ్లీషు దేశంలో కుర్చీ అంటే సామాను. మన దగ్గర కుర్చీ అంటే కులం. గడి ముందర చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డ తాతలు మనకున్నారు. దొర వస్తుంటే అరుగు మీద నుంచి లేవలేదని దెబ్బలు తిన్నవాళ్లున్నారు. మంచం మీద కూర్చున్నారని కొట్టారు. హోటల్లో బెంచీ కింద కూర్చోబెట్టి కొబ్బరిచిప్పలో టీ పోశారు. మన దళిత సర్పంచ్ ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉంటే ఉపసర్పంచ్ అందులో కూర్చుని, సర్పంచ్‌ను గోడకు నిలబెట్టి సంతకాలు పెట్టించుకున్న ఊళ్లు ఈనాటికీ ఉన్నాయి. అలాంటి నేల మీద ఒక మతం వచ్చి, కుర్చీ చుట్టూ గుడి కట్టింది. మరి ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారని అడగకుండా ఎలా ఉంటాం?

ముందు దొరలు కూర్చున్నారు. తర్వాత కేథలిక్కుల్లో ఎక్కువగా రెడ్లు, కేరళ నుంచి వచ్చినవాళ్లు కూర్చున్నారు. 18వ శతాబ్దంలోనే రాయలసీమ రెడ్లు కొందరు కేథలిక్కులయ్యారు. కులం మాత్రం వాళ్లవెంటే గుళ్లోకి వచ్చింది. విశ్వాసుల్లో అత్యధికులు మాల మాదిగలు, పెత్తనం మాత్రం వాళ్లది కాదు. క్రైస్తవులైన అంటరానివాళ్లకు కులం పోయిందా అని బాబాసాహెబ్ అంబేద్కర్ తన వ్యాసాల్లో నిలదీసి అడిగాడు. చర్చి పెద్దలు చాలాకాలం ఆ ప్రశ్న తమది కాదన్నట్టు ఉన్నారు. 2016 డిసెంబర్‌లో గాని భారత కేథలిక్ బిషప్‌ల మహాసభ తమ సంఘంలో దళితుల మీద అంటరానితనం ఉందని కాగితం మీద ఒప్పుకోలేదు.

మారలేదా అంటే మారింది. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు ఆర్చిబిషప్ అయ్యాడు. ఈ దేశంలో ఆర్చిబిషప్ అయిన మొదటి దళితుడు. 2020లో అదే కుర్చీకి పూల అంతోని వచ్చాడు. 2022 ఆగస్టు 27న రోములో కార్డినల్ అయ్యాడు, దళితుల్లో మొదటివాడు, తెలుగువాళ్లల్లోనూ మొదటివాడు. సి.ఎస్.ఐ.లో 2013 సెప్టెంబర్‌లో పుష్పలలిత నంద్యాల బిషప్ అయింది. ఆ సంఘం మొత్తంలో మొదటి మహిళా బిషప్ మన తెలుగునేల మీద కూర్చుంది. ఇవి చిన్న సంగతులు కాదు. మా గూడెంలో పూల అంతోని ఫొటో పేపర్లో వచ్చిన రోజు కేథలిక్కులు కాని ఇళ్లల్లో కూడా ఆ కాగితం కత్తిరించి గోడకు అంటించారు.

దీనికి ఇంకో ముఖం ఉంది. 2016 ఏప్రిల్‌లో కడప కేథలిక్ బిషప్‌ను దారిలో కారు ఆపి ఎత్తుకుపోయి, రాత్రంతా కొట్టి వదిలేశారు. ఆయన దళితుడు. పోలీసులు పట్టుకున్నవాళ్లల్లో ఫాదర్లు ఉన్నారు. డబ్బుల గొడవ అన్నారు కొందరు, కులం గొడవ అన్నారు దళిత క్రైస్తవులు. ఏది ఎంతో కోర్టులు తేల్చనీ. దళితుడు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన కుర్చీ చుట్టూ ఉన్న కులం లేచి పోదని మాత్రం కనిపిస్తూనే ఉంది.

ఇక మనలో మన సంగతి. చెప్పక తప్పదు, మన పత్రికలో మనం చెప్పుకోకపోతే ఎక్కడ చెప్పుకుంటాం? ప్రొటెస్టెంటు అధ్యక్ష ఖండాల్లో బిషప్ ఎన్నిక వస్తే మాలలు ఒక జట్టు, మాదిగలు ఒక జట్టు. కౌన్సిల్ మెంబర్లను బస్సుల్లో ఎక్కించి ఎక్కడో దాచిపెట్టడం ఎమ్మెల్యేల దగ్గర నేర్చుకున్నారు. మిషన్ కాంపౌండు భూములు, షాపింగ్ కాంప్లెక్సుల అద్దెలు, స్కూళ్ల ఉద్యోగాలు, కోర్టు స్టేలు. దొరలు మన పిల్లల చదువుకని పెట్టిన బడి ఇవాళ మన పిల్లలు ఫీజు కట్టలేని బడి అయిన చోట్లున్నాయి. వాటి మీద లెక్క అడిగితే, అభిషిక్తుణ్ణి ప్రశ్నించకూడదని వాక్యం తీస్తారు. అడిగినవాడికి పల్లెలో బరియల్ గ్రౌండు దొరకదని బెదిరిస్తారు. కరంణం చేసిన పనే ఇది, తెల్ల అంగీ వేసుకుని చేస్తున్నారు.

వాక్యమే కావాలంటే మత్తయి సువార్త తీయండి. ఈ 'కథెడ్రా' అనే గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో మూడే మూడు చోట్ల వస్తుంది. రెండు చోట్ల ఒకే సంగతి: దేవాలయంలో గువ్వలు అమ్మేవాళ్ల పీఠాలను యేసు పడదోయడం. మూడోది, శాస్త్రులు పరిసయ్యులు మోషే పీఠం మీద కూర్చున్నారనీ, వాళ్లు చెప్పేది ఒకటి చేసేది ఇంకొకటి అనీ ఆయన జనంతో చెప్పడం. తెలుగు బైబిల్లో కూడా మత్తయిలోని రెండుచోట్లా పీఠం అనే ఉంటుంది. గువ్వలు ఎవరి అర్పణ? గొర్రెపిల్ల కొనలేని పేదవాళ్లది. యేసు పుట్టినప్పుడు మరియ యోసేపులు కూడా గొర్రెపిల్ల కాదు, పక్షుల జతే ఇచ్చారు. అంటే ఆయన తన్నింది పేదల కానుక మీద లాభం తీసేవాళ్ల కుర్చీలను. కేథడ్రల్‌కు పేరిచ్చిన మాట సువార్తలో మొదట కనిపించేటప్పటికే బోర్లా పడి ఉంది! ఈ సంగతి మీద ప్రసంగం నేనింతవరకు ఏ కేథడ్రల్‌లోనూ వినలేదు.

ఇంగ్లాండులో ఒక పాత ఆచారం ఉంది. కొత్త బిషప్ కుర్చీ ఎక్కే రోజు కేథడ్రల్ పెద్ద తలుపు మూసి ఉంచుతారు. ఆయన బయట నిలబడి చేతికర్రతో తలుపు తట్టాలి. లోపలివాళ్లు తీస్తేనే లోపలికి రావాలి. గుడి బయట నిలబడటమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు, కానీ బిషప్‌ను ఒక్కరోజైనా అలా నిలబెట్టడం నాకు నచ్చింది. కుర్చీ ఆయనది, తలుపు జనానిది.

మా అయ్యగారి సంగతి ఇక్కడికి వస్తుంది. కేథలిక్కుల్లో బిషప్‌ను రోము వేస్తుంది. మంచో చెడో, ఎవరు వేశారో తెలుసు. సి.ఎస్.ఐ.లో కౌన్సిల్ ఓట్లు వేసి కొన్ని పేర్లు పంపితే సినడ్ అందులో ఒకరిని తీస్తుంది. ఎంత గబ్బు పట్టినా అక్కడొక ఓటు ఉంది, అరవై ఏడేళ్లకో ఎప్పటికో దిగిపోయే రిటైర్మెంటు ఉంది. మా అయ్యగారిని బిషప్ చేసిందెవరు? ఆయన్ను అడిగాను. పట్నంలో ఇంకో బిషప్ చేతులుంచాడట. ఆ బిషప్ మీద ఎవరు ఉంచారో తెలియదు. గూడెంలో ఒక్క ఇంటినీ అడగలేదు. ఆయన మంచివాడే, చావుకూ పెళ్లికీ అర్ధరాత్రి అయినా వస్తాడు. మా గూడెం పిల్లగాణ్ణి పాము కరిస్తే తన బండి మీద వేసుకుని దవాఖానకు పరుగెత్తింది ఆయనే. అయ్యగారుగా ఉన్నన్నాళ్లు ఆయన్ను ఎవరూ ఏమీ అడగాల్సిన అవసరం రాలేదు. బిషప్ అయ్యాక అడగాలి.

ఎందుకంటే ఆ మీటింగులోనే రెండో కాగితం ఒకటి బయటికి వచ్చింది. గుడి జాగాను అయ్యగారి సొసైటీ పేరున రిజిస్ట్రేషన్ చేయాలట. కేథడ్రల్ కదా, బిషప్ పేరున ఉండాలట. ఆ జాగా పెద్దమ్మ మామ ఇచ్చింది. గవర్నమెంటు ఇచ్చిన ఇళ్ల పట్టాలో తన వాటా ఐదు గుంటలు గుడికి వదిలి, ఆయన పక్కన గుడిసె వేసుకున్నాడు. నోటి మాట మీద ఇచ్చాడు, కాగితం లేదు.

దీని వెనక సర్కారు కుర్చీ ఒకటుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని దళితుడు షెడ్యూల్డ్ కులం కాదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మతం మారిన దళితుడికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బి.సి.-సి కింద ఒక్క శాతం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఈ మత షరతు తీసేయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. గూడెంలో మాత్రం మనవాళ్లు సర్టిఫికెట్‌లో ఒకటి, గుండెలో ఒకటి పెట్టుకుని బతుకుతున్నారు. ఎస్సీ రిజర్వు సర్పంచ్ సీటుకు నామినేషన్ వేసిన ప్రతివాడి మీదా, వీడు చర్చికి పోతాడని ఫిర్యాదు సిద్ధంగా ఉంటుంది. అందుకే గుడి జాగాకు మన పేరున కాగితం రాయించుకోవడానికి మనోళ్లు జంకుతారు. రాయిస్తే క్రైస్తవుడని రుజువు అయిపోతుందని భయం. ఆ జంకు సందులోనే సొసైటీలు భూములు పోగేసుకుంటున్నాయి. 175 అడుగుల గుడికి రాళ్లు మోసినవాళ్ల మనవలు ఐదు గుంటల మీద తమ పేరు రాసుకోవడానికి భయపడుతున్నారు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ కూర్చున్నాం. పెద్దమ్మకు కేథడ్రల్ అంటే కుర్చీ అని చెప్పాను, మెదక్ సంగతి, దోర్నకల్ సంగతి చెప్పాను. అంతా విని, "గట్లనా. మరి మన గుళ్ల ఆ కుర్చీ ఎటుదిక్కు ఏస్తరు? వాన కురిసే దిక్కా, కురవని దిక్కా?" అంది. అయ్యగారు కూడా నవ్వాడు.

స్లాబుకు ఇంటికి నాలుగువేలు రాసుకున్నారు, ఇవ్వలేనివాళ్లు పని చేస్తారు. గోపురం సంగతి తేలలేదు. నల్లరాయి దుకాణపాయనకు ఇచ్చిన రెండువేల అడ్వాన్సు తిరిగి రాదట. సొసైటీ కాగితం మీద కమిటీలో ఏడుగురిలో నలుగురు సంతకం చేశారు, ముగ్గురు చేయలేదు. చేయనివాళ్లు గూడెం పేరున సంఘం కట్టి, అందులో సగం మంది ఆడవాళ్లుండేట్టు, జాగా దాని కిందికి తేవాలంటున్నారు. పెద్దమ్మ మామ పేరున ఉన్న పాత పట్టా నకలు కోసం తహసీల్దార్ ఆఫీసులో సోమవారం దరఖాస్తు పెట్టాం. రెండు వారాల తర్వాత రమ్మన్నారు.